ముల్లు తిరగని రైల్వే వాచ్: ఒక హ్యామిల్టన్ 940 కేసు

వాచ్‌కి దారంతో ఒక చిన్న అట్టముక్క కట్టి ఉంది. దాని మీద పెన్నుతో "రైల్‌రోడ్ వాచ్, నడుస్తుంది, టైమ్ సెట్ అవ్వదు" అని రాసి, కింద 180 డాలర్లు కొట్టేసి 95 వేశారు.

క్లీవ్‌లాండ్‌కి పడమటి వైపు ఒక పాత ఇంట్లో ఎస్టేట్ సేల్ జరుగుతోంది. ఇంటి పెద్ద పోయాక మంచాల దగ్గర్నుంచి గరిటెల దాకా సామానంతా ఉన్నచోటే ఉంచి అమ్మేస్తారు ఇక్కడ. నేను పాత పనిముట్ల కోసం వెళ్లాను. నాతో మా ఫ్రెండ్ వాళ్ల మామగారు వచ్చారు. ఆయన కాజీపేట నుంచి వచ్చి మూడు నెలలైంది, కూతురింట్లో తోచక, ఎవరు కారు తీసినా ఎక్కి కూర్చుంటున్నారు. రైల్వేలో 31 ఏళ్లు గార్డుగా చేశారు. (2022 నుంచి ఆ పోస్టును ట్రైన్ మేనేజర్ అంటున్నారు, కానీ ఆయన ముందు ఆ మాట అనకండి.) నేను బేస్‌మెంట్‌లో రెంచీలు గెలుకుతుంటే ఆయన మెట్లు దిగి వచ్చి అరచెయ్యి చాపారు. బరువైన జేబు వాచ్. వెనక మూత మీద బంగారు రంగులో పొగబండి ఇంజన్ బొమ్మ.

"బిడ్డా, గిది రైల్వే వాచేనా?"

బొమ్మ చూడగానే చెప్పేశాను. "కాదు అంకుల్, ఇంజన్ బొమ్మ ఉన్నవి చాలావరకు ఉత్తుత్తివి. వదిలేయండి."

ఆయన వదల్లేదు, 95 ఇచ్చి కొన్నారు. ఈ కేసు రాయడానికి కారణం ఆ వాచ్ కంటే నేను కళ్లు మూసుకుని చెప్పిన ఆ జవాబే. పదేళ్లుగా ఈ పని చేస్తున్నాను (పగలు సాఫ్ట్‌వేర్, రాత్రి బేస్‌మెంట్‌లో వాచీలు), అయినా మూత తీయకుండా తీర్పు ఇచ్చాను.

నా తప్పు ఎక్కడినుంచి వచ్చిందో ముందు చెప్తాను, ఎందుకంటే కొత్తగా ఈ వాచీలు కొనేవాళ్లకు అదే పెద్ద గుంట. 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో రైల్వే వాచ్ అంటే నమ్మకానికి గుర్తు. డ్రైవరు దగ్గర ఉండే వాచ్ మా దగ్గరా ఉండాలని రైతులు, కొట్లవాళ్లు అందరూ ఆశపడేవారు. ఆ ఆశ మీద ఒక వ్యాపారమే నడిచింది. చవకరకం స్విస్ మెషిన్ తీసుకుని, దాని మీద ట్రెయిన్‌మెన్స్ స్పెషల్ లాంటి పేరు చెక్కి, 23 జ్యూయల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్లు) అని పొడిచి, మూత మీద ఇంజన్ బొమ్మ వేసి అమ్మేవారు. విప్పి చూస్తే పని చేసే రాళ్లు ఏడుంటే గొప్ప, మిగతావి పై ప్లేటు మీద అలంకారానికి పొదిగిన ఎర్ర గాజు. అలాంటివి నా చేతిలోంచి ఓ పదిహేను పోయుంటాయి. అందుకే ఇంజన్ కనబడితే చాలు నా మెదడు గేటు వేసేస్తుంది.

ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ మీద పాత టీషర్ట్ పరిచి వాచ్ పెట్టాం. అంకుల్ ఈలోపు పైనున్న బుడిపె పట్టుకుని లాగుతున్నారు. "గిదేంది బిడ్డా, చావి గుంజితే ముల్లు తిరుగుతలేదు. వాడు రాసింది నిజమే, ఖరాబైంది."

అక్కడే నాకు వెలగాల్సింది, వెలగలేదు. "చూద్దాం" అని వెనక మూత తిప్పాను. ఈ రకం మూతలు చాలావరకు మర మీద తిరుగుతాయి, చాకు దూర్చి ఎత్తేవి కావు. రబ్బరు గ్లౌజు వేసుకుని అరచేత్తో ఎడమవైపు తిప్పితే వచ్చేస్తుంది. పాత వాచీల అంచుల మీద కనబడే చాకు గాట్లన్నీ ఈ ఒక్క సంగతి తెలియనివాళ్ల పుణ్యమే.

మూత వచ్చింది. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

నికెల్ ప్లేటు మీద నీటి అలల్లాంటి చెక్కుడు, ఒక్కో రాయి చుట్టూ బంగారు చుట్టు, నీలం మరలు, అన్నిటి పైన ఊగుతున్న పెద్ద బ్యాలెన్స్ చక్రం. ప్లేటు మీద హ్యామిల్టన్ వాచ్ కంపెనీ, లాంకాస్టర్, పెన్సిల్వేనియా అని ఉంది. పక్కన 940. ఇంకో పక్క 21 జ్యూయల్స్, 5 పొజిషన్లకు అడ్జస్ట్ చేసినట్టు. 940 అంటే హ్యామిల్టన్ 18 సైజులో చేసిన 21 రాళ్ల మెషిన్, ముందు మూత లేని కేసుల (మెషిన్‌ని బిగించే పై డబ్బాల) కోసం. ముందు మూత ఉండే హంటర్ కేసుల కోసం చేసిన దాని జోడీ 941. రైళ్లలో బాగా తిరిగిన మెషిన్లలో 940 ఒకటి. అంకుల్‌కి సారీ చెప్పాను. ఆయన వినలేదు, లూప్ (చిన్న భూతద్దం) కంటికి పెట్టుకుని బ్యాలెన్స్ చక్రాన్నే చూస్తున్నారు.

ఇక ముల్లు సంగతి. డయల్ వైపు గాజు చట్రాన్ని కూడా మర తిప్పి తీశాను. పన్నెండుకీ మూడుకీ మధ్య డయల్ అంచు కింద సన్నటి ఇనప నాలుక లాంటిది దాగి ఉంటుంది. గోటితో బయటికి లాగి, అప్పుడు బుడిపె తిప్పితే ముళ్లు తిరిగాయి. మళ్లీ లోపలికి తోసేస్తే బుడిపె కీ ఇవ్వడానికి మాత్రమే పనికొస్తుంది. దీన్ని లీవర్ సెట్ అంటారు. జేబులోంచి తీస్తున్నప్పుడు బుడిపె పొరపాటున లేచి టైమ్ మారిపోకూడదని రైల్వేలు పట్టుబట్టి పెట్టించిన ఏర్పాటు ఇది. టైమ్ మార్చాలంటే కావాలని గాజు విప్పాల్సిందే. అంటే అమ్మినాయన ఖరాబైంది అనుకుని దాదాపు సగం ధర తగ్గించింది రైల్వే వాచ్‌కి ఉండాల్సిన ముఖ్య లక్షణం చూసి! ఇలా "సెట్ అవ్వదు" అని రాసి అమ్మే వాచీలు నేను ఇంతకుముందూ చూశాను, రెండు కొన్నాను కూడా. మీకు అలాంటి చీటీ కనబడితే మొహంలో ఏమీ కనబడనీయకుండా గాజు తిప్పి చూడండి.

అంకుల్‌కి అన్నిటికంటే నచ్చింది ఈ లీవరే. "మాకు గిట్లాంటిది ఇయ్యలే" అన్నారు. ఆయన ఉద్యోగంలో పద్ధతి వేరు. డ్యూటీ ఎక్కేటప్పుడు వాచ్‌ని స్టేషన్ గడియారంతో సరిచూసుకోవాలి, రోజూ సాయంత్రం 16:00 గంటలకు స్టేషన్లకు టైమ్ సిగ్నల్ వస్తుంది, దాంతో స్టేషన్ గడియారం సరిచేస్తారు, బండి ఎక్కడ ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది అన్నది గార్డు తన రిపోర్టులో నిమిషాలతో సహా రాయాలి. ఆ అలవాటు ఇంకా పోలేదు. మా ఇంటికొచ్చిన టైమ్ కూడా "11:42" అనే చెప్తారు.

మరి అమెరికాలో రైల్వే వాచ్ అని దేన్ని అనేవారు? ఇది చెప్పాలంటే కిప్టన్ దగ్గరికి వెళ్లాలి. మేమున్న చోటికి కారులో గంట లోపే. 1891 ఏప్రిల్‌లో లేక్ షోర్ అండ్ మిషిగన్ సదరన్ రైల్వే లైన్లో, ఈ చిన్న ఊరి స్టేషన్ దగ్గర, ఫాస్ట్ మెయిల్‌కి దారి ఇవ్వాల్సిన ప్యాసింజర్ బండి దాన్ని ఎదురుగా గుద్దింది. మెయిల్ బండిలో ఉన్న తపాలా గుమాస్తాలు చనిపోయారు. ప్యాసింజర్ డ్రైవర్ వాచ్ నాలుగు నిమిషాలు ఆగి మళ్లీ నడిచిందని అప్పట్నుంచి చెప్పుకుంటారు. ఆ తర్వాత రైల్వే వాళ్లు క్లీవ్‌లాండ్‌లో నగల వ్యాపారి అయిన వెబ్ సి. బాల్‌ని పిలిచి వాచీల తనిఖీ పద్ధతి పెట్టమన్నారు. రైల్వే వాచ్ నియమాలన్నీ ఆ ఒక్క ప్రమాదంతోనే పుట్టాయని చెప్పడం మాత్రం అతి. అంతకుముందే కొన్ని రైల్వేలకు సొంత నియమాలు, తనిఖీలు ఉన్నాయి, 1883 నవంబర్ 18 నుంచి అమెరికా రైల్వేలు స్టాండర్డ్ టైమ్ జోన్లకు మారాయి కూడా. బాల్ చేసింది వాటిని గట్టిగా, చాలా రైల్వేలకు ఒకేలా పట్టించడం.

ఈ కథ చెప్పినప్పుడు అంకుల్ అడిగిన ప్రశ్న ఇన్నేళ్లలో నాకు రాలేదు. "డ్రైవర్ వాచ్ ఆగింది సరే, మరి గార్డు వాచ్ ఏమైంది?"

అమెరికాలో గార్డుని కండక్టర్ అంటారు. ఆ కండక్టర్ వాచ్ జేబులోనే ఉండిపోయింది. గుద్దుకునేదాకా దాన్ని బయటికి తీసి చూడలేదని ఆయనే ఒప్పుకున్నాడు. అది విని అంకుల్ కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు తీసి, "సస్పెన్షన్ గాదు, డిస్మిస్ జేయాలె" అన్నారు, నిన్నమొన్న కాజీపేట సెక్షన్లో జరిగినట్టు. తర్వాతి ఆదివారం ఇద్దరం కిప్టన్ వెళ్లొచ్చాం. అక్కడిప్పుడు పట్టాలు లేవు, పాత లైను మీద సైకిల్ దారి వేశారు.

బాల్ తర్వాత స్థిరపడిన నియమాలను మన వాచ్ మీద ఒక్కోటీ పెట్టి చూశాను. డయల్‌కి మూత ఉండకూడదు: లేదు. 16 లేదా 18 సైజు ఉండాలి: డయల్ వైపు ప్లేటును కాలిపర్‌తో కొలిస్తే 44.9 మిల్లీమీటర్లు వచ్చింది, అది 18 సైజు లెక్క (16 అయితే 43.2 వచ్చేది). కీ ఇచ్చే బుడిపె 12 దగ్గరే ఉంది. తెల్ల డయల్, లావు నల్ల అంకెలు, లావు ముళ్లు. కనీసం 17 రాళ్లు అన్నారు, ఇందులో 21. కనీసం 5 పొజిషన్లు అన్నారు, ఉన్నాయి. పొజిషన్లంటే డయల్ పైకి, కిందికి, బుడిపె పైకి, ఎడమకి, కుడికి. ఎలా పెట్టినా టైమ్ ఒకేలా నడవాలి. చలి 34 నుంచి వేడి 100 ఫారెన్‌హీట్ దాకా, అంటే మన లెక్కలో 1 నుంచి 38 డిగ్రీల దాకా, తట్టుకోవాలి. ఇవన్నీ కలిపి వారానికి 30 సెకన్ల కంటే ఎక్కువ తేడా రాకూడదు. రోజుకి నాలుగు సెకన్ల చిల్లర! కరెంటు, బ్యాటరీ ఏమీ లేకుండా, కుదిపేసే ఇంజన్ మీద నిలబడ్డ మనిషి జేబులో.

వేడికి ఎలా తట్టుకుంటుందని అంకుల్ అడిగారు, ఎండాకాలం కాజీపేట యార్డులో గార్డు ఉండే బ్రేక్ వ్యాన్ ఎట్లుంటదో ఆయనకు తెలుసు కాబట్టి. బ్యాలెన్స్ చక్రం అంచు ఒకే లోహం కాదు, లోపల ఉక్కు, బయట ఇత్తడి అతికించి, రెండు చోట్ల కోసి వదిలేస్తారు. వేడెక్కితే హెయిర్ స్ప్రింగ్ (బ్యాలెన్స్‌ని అటూ ఇటూ ఊపే వెంట్రుకంత స్ప్రింగ్) మెత్తబడి వాచ్ నెమ్మదించాలి. అదే వేడికి బయటి ఇత్తడి ఎక్కువ సాగి, కోసిన కొసలు లోపలికి వంగుతాయి, చక్రం చిన్నదైనట్టు అయి వేగం పెరుగుతుంది. ఒకదాని తప్పు ఒకటి దిద్దుకుంటాయి. అంచు చుట్టూ కనబడే చిన్న చిన్న మరలు అలంకారానికి కాదు, ఈ దిద్దుబాటు ఎంత ఉండాలో వాటిని అటూ ఇటూ మార్చే ఫ్యాక్టరీలో తేల్చేవారు.

రాళ్లు కూడా లెక్కపెట్టించాను. పైకి కనబడేవి లెక్కపెడితే సరిపోదు, దాదాపు సగం డయల్ వైపు ఉంటాయి. బ్యాలెన్స్‌కి పైనా కిందా రెండేసి, రోలర్ (బ్యాలెన్స్ ఇరుసు మీది చిన్న బిళ్ల) మీద ఒకటి, పాలెట్ ఫోర్కు (ఎస్కేప్ చక్రాన్ని పట్టి వదిలే ముక్క) దంతాలు రెండు, ఫోర్కు ఇరుసుకి రెండు, ఎస్కేప్ చక్రానికి రెండు, నాలుగో చక్రానికి రెండు, మూడో చక్రానికి రెండు: అది 15. మధ్య చక్రానికి రెండు చేరితే 17. ఫోర్కుకీ ఎస్కేప్ చక్రానికీ పైనా కిందా మూతరాళ్లు (ఇరుసు కొస మీద కప్పేవి) పెడితే నాలుగు, మొత్తం 21. ఆ పైన స్ప్రింగ్ డబ్బాకి రెండు పెడితే 23. ఈ లెక్క చేతిలో ఉంటే, 23 జ్యూయల్స్ అని పొడిచి ఉన్న వాచ్‌లో పాలెట్ దగ్గర మూతరాళ్లే లేకపోతే అది అబద్ధమని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఇక్కడిదాకా బాగుంది. తేదీ చూద్దామని సీరియల్ నంబర్ తీసుకున్నాను. నంబర్ ఎప్పుడూ మెషిన్ మీదది చూడాలి. కేసు లోపల కూడా ఒక నంబర్ ఉంటుంది, అది కేసు చేసిన కంపెనీది. నేను మొదటి ఏడాది కేసు నంబర్ పెట్టి వెతికి ఒక ఎల్గిన్ కంపెనీ వాచ్‌ని అసలు కంటే పాతికేళ్లు పాతదిగా లెక్కేసి, దాన్ని అందరికీ గొప్పగా చూపించుకున్నాను. మన 940 నంబర్ హ్యామిల్టన్ పట్టికల్లో 1910, 1912 మధ్య పడింది. కంపెనీలు నంబర్లను గుంపులు గుంపులుగా కేటాయించేవి కాబట్టి ఏడాది రెండేళ్లు అటూ ఇటూ ఉంటుంది, ఇంతకంటే ఖచ్చితంగా చెప్పేవాళ్లని నమ్మొద్దు.

ఆ తర్వాతే నాకు అనుమానం వచ్చింది. అప్పట్లో అమెరికాలో మెషిన్ వేరు, కేసు వేరుగా అమ్మేవారు. కొట్టుకి వెళ్లి మెషిన్ ఎంచుకుని, డబ్బుని బట్టి కేసు ఎంచుకుంటే, కొట్టువాడే బిగించి ఇచ్చేవాడు. కాబట్టి హ్యామిల్టన్ మెషిన్‌కి వేరే కంపెనీ కేసు ఉండటం తప్పు కాదు, అదే మామూలు. మన కేసు సిల్వరాయిడ్ అని రాసున్న కీస్టోన్ కేసు. "వెండేనా?" అన్నారు అంకుల్. పేరులో తప్ప అందులో వెండి లేదు, నికెల్ కలిసిన తెల్ల లోహం. మెషిన్‌ని కేసుకి పట్టి ఉంచేవి అంచున ఉండే రెండు మరలు. వాటి తలలు కేసు అంచుని నొక్కి పట్టుకుంటాయి, ఏళ్ల తరబడి నొక్కితే అక్కడ అర్ధచంద్రాకారంలో గుంట పడుతుంది. నేను రెండు మరలు వదులు చేసి, బుడిపెని కొద్దిగా బయటికి లాగి (ఈ కేసుల్లో దాని కడ్డీ కేసులోనే ఉండిపోతుంది, మెషిన్‌తో రాదు), మెషిన్ బయటికి తీసి, ఖాళీ కేసు అంచుని దీపం కింద తిప్పాను.

రెండు గుంటలు ఉండాల్సిన చోట నాలుగు ఉన్నాయి. మన మరల కింద ఉన్నవి లోతు తక్కువ, ఇంకా మెరుస్తున్నాయి. వాటికి పక్కగా ఇంకో జత, లోతుగా, నల్లగా, ముందు వాటి కంటే ఎన్నో ఏళ్లు పాతవి.

అంటే ఈ కేసులో ముందు ఇంకేదో మెషిన్ ఉండేది. ఇంకో సాక్ష్యం కూడా దొరికింది. బాగుచేసినప్పుడల్లా మెకానిక్‌లు మూత లోపలి వైపు సూదిమొనతో తమ గుర్తు, తేదీ గీసుకుంటారు. మన మూతలో అలాంటివి ఆరున్నాయి, ఒకే చేతిరాత మూడు సార్లు. తర్వాత మెషిన్ విప్పినప్పుడు చూస్తే డయల్ కింద ప్లేటు మీద రెండు గీతలున్నాయి, ఒకదానిలో 31 అని సంవత్సరం కూడా ఉంది. ఒక్కటీ మూతలోని రాతతో కలవలేదు. రెండు వేరే ఇళ్లలో పెరిగినట్టు. బహుశా మెషిన్ అసలు కేసు బంగారు పూతదో, బంగారానిదో అయ్యుంటుంది, బంగారం రేటు పెరిగినప్పుడు ఎవరో దాన్ని కరిగించి, మెషిన్‌ని ఈ ఇంజన్ బొమ్మలోకి ఎక్కించి ఉంటారు. ఆ చివరి మాట నా ఊహ, గుంటలు మాత్రం ఊహ కాదు.

నా మొదటి జవాబు ఇప్పుడు ఇంకా వింతగా తేలింది. ఇంజన్ బొమ్మ చూసి కాదన్నాను, లోపల అసలుది దొరికింది. తీరా ఆ ఇంజనే ఈ వాచ్‌ది కాదు. ఇంజన్ ఉన్న కేసులన్నీ రైల్వేవి కావనీ కాదు, డ్రైవర్లూ గట్టి నికెల్ కేసులు ఇష్టంగా కొన్నారు. బొమ్మకి ఏ సాక్ష్యం విలువా లేదు, అంతే, అవునని చెప్పడానికీ, కాదని చెప్పడానికీ.

ఇప్పుడు నడక. నడుస్తుంది అని చీటీలో రాశారు, నడుస్తోంది కూడా, రోజుకి ఆరున్నర నిమిషాలు ముందుకి. టైమ్‌గ్రాఫర్ (టిక్కులు విని నడకని గీసి చూపే యంత్రం) మీద పెడితే గీతలు కావు, ఆవాలు చల్లినట్టు చుక్కలు. ఇంత ఎక్కువ ముందుకి పరిగెడితే ముందు అయస్కాంతం పట్టిందేమో చూడాలి. రెగ్యులేటర్ (వేగం సరిచేసే మీట) జోలికి పోకూడదు. చిన్న దిక్సూచిని బ్యాలెన్స్ మీద పట్టుకుంటే దాని ముల్లు చక్రంతో పాటు వణికింది. అయస్కాంతం పడితే హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అతుక్కుని పొట్టిదైనట్టు ప్రవర్తిస్తుంది. (మా తెనాలిలో బస్టాండ్ పక్క మెకానిక్ ఆ స్ప్రింగ్‌ని బాల్ కమాన్ అనేవాడు, హిందీలో బాల్ అంటే వెంట్రుక, నాకు ఇప్పటికీ చెయ్యి పని చేస్తున్నప్పుడు ఆ మాటే వస్తుంది.) పది డాలర్ల డీమాగ్నెటైజర్ మీద రెండు సార్లు తిప్పేసరికి పరుగు ఆగి, రోజుకి 50 సెకన్లు వెనక పడటం మొదలుపెట్టింది. బ్యాలెన్స్ ఊపు 188 డిగ్రీలు. ఆరోగ్యంగా ఉంటే 270 దాటాలి. అంటే లోపల నూనె ఎండిపోయింది.

మొత్తం విప్పాను. ఇక్కడ ఒక తప్పు చేశాను, దాచి ప్రయోజనం లేదు. డయల్ కాళ్లను పట్టుకునే చిన్న మరలు ప్లేటు అంచున మూడుంటాయి. రెండు వదులు చేసి, మూడోది కూడా చేశాననుకుని డయల్ ఎత్తబోయాను. టిక్ మంది. రాగి మీద పింగాణీ పూత అది, వంగదు, పగులుతుంది. ఏడు అంకె దగ్గర ముందే ఉన్న వెంట్రుక పగులు ఇంకో రెండు మిల్లీమీటర్లు సాగింది. ఆ రాత్రి పని ఆపేశాను. మర్నాడు అంకుల్‌కి ఫోన్ చేసి చెప్తే, "బండికి గీత పడ్డది, పట్టాలు తప్పలేదు గదా" అన్నారు. నాకు మాత్రం ఇప్పటికీ ఏడు మీదే కన్ను పడుతుంది.

940 ఫుల్ ప్లేట్ మెషిన్. అంటే పై ప్లేటు దాదాపు పూర్తి గుండ్రం, చక్రాలన్నీ రెండు ప్లేట్ల మధ్య, బ్యాలెన్స్ ఒక్కటే పైన. విప్పే ముందు మెయిన్ స్ప్రింగ్ బిగువు పూర్తిగా వదలాలి, లేకపోతే ప్లేటు లేవగానే చక్రాలు తిరిగి పివట్లు (ఇరుసుల సన్నటి కొసలు) విరుగుతాయి. బిగించేటప్పుడు అసలు పరీక్ష: చక్రాల పివట్లూ, పాలెట్ ఫోర్కు పివట్టూ అన్నీ ఒకేసారి పై ప్లేటు రాళ్లలో కూర్చోవాలి. ఒకటి కూర్చుంటే ఇంకోటి జారుతుంది. వేలి బరువు తప్ప ఏ ఒత్తిడీ పెట్టకూడదు. మూడో ప్రయత్నంలో, నలభై నిమిషాలకి, ప్లేటు తనంతట తను అర మిల్లీమీటరు దిగింది. ఆ దిగడం కోసమే ఈ పని చేస్తానేమో అనిపిస్తుంది. పాత నీలం ఉక్కు మెయిన్ స్ప్రింగ్ బయటికి తీస్తే చుట్టుకునే పడుంది, విచ్చుకోలేదు, దాని బలం అయిపోయింది. కొత్త తెల్లరకం వేశాను. సన్న పివట్లకు మోబియస్ 9010 నూనె, బరువు మోసే చోట డి5 నూనె. రోలర్ చూస్తే డబుల్ రోలర్, రైల్వేలు తర్వాత కోరింది అదే.

బిగించాక, రోజుకి సెకన్లలో, డయల్ పైకి ప్లస్ 4, కిందికి ప్లస్ 2, బుడిపె పైకి మైనస్ 3, ఎడమకి మైనస్ 6, కుడికి ప్లస్ 5. ఊపు పడుకోబెడితే 272, నిలబెడితే 245. నూట పదేళ్లు దాటిన మెషిన్‌కి ఇంకేం కావాలి. రెగ్యులేటర్ని సన్నమరతో పావు చుట్టు కదిపి వదిలేశాను. వారం రోజులు అంకుల్ పగలు జేబులో పెట్టుకుని, రాత్రి మేకుకి తగిలించారు. రోజూ 16:00కి ఫోన్‌తో సరిచూసి కాగితం మీద రాశారు. ఏడో రోజు మొత్తం ప్లస్ 17 సెకన్లు. 30 లోపు. ఆయన ఆ కాగితం కింద సంతకం పెట్టి, తేదీ వేసి నాకు ఇచ్చారు.

ఇక తీర్పు. మెషిన్ రైల్వే గ్రేడ్, ఇందులో అనుమానం లేదు. అప్పటి నియమాలన్నిటికీ నిలుస్తుంది. కానీ రైల్వే గ్రేడ్ వేరు, రైల్వే ఆమోదం వేరు. ప్రతి రైల్వేకి తన జాబితా ఉండేది, అది ఏళ్లు గడిచేకొద్దీ మారేది. ఒకప్పుడు 17 రాళ్లు సరిపోయిన చోటే తర్వాత కొత్తగా కొనేవాటికి అంతకంటే ఎక్కువ అడిగారు. ఇక మూడోది, నిజంగా ఏ డ్రైవరో, కండక్టరో దీన్ని జేబులో పెట్టుకుని బండి నడిపాడా అన్నది. దానికి తనిఖీ కార్డు కావాలి. అప్పట్లో ఉద్యోగి రెండు వారాలకోసారి రైల్వే నియమించిన వాచ్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లి ఎన్ని సెకన్ల తేడా ఉందో కార్డు మీద రాయించుకోవాలి. ఆ కార్డు వాచ్‌తో పాటు దొరికితే ఆ కథే వేరు. మనకి దొరకలేదు, కాబట్టి ఆ మాట అనను. సొరుగులో ఏమైనా పాత అట్టలున్నాయేమోనని సేల్ రోజు అడగాల్సింది. ఉత్తుత్తిదని తేల్చేసిన మొనగాడిని కదా, అడగలేదు.

ధర: ఇలాంటి 940, శుభ్రం చేసి నడుస్తున్నది, నేను చూసిన అమ్మకాల్లో 250 నుంచి 400 డాలర్ల మధ్య పోతోంది. కేసు మార్చినందుకు, డయల్ పగులుకు కొంత కొట్టేయండి. సరిపడే పాతకాలపు సాదా కేసు ఒకటి నా దగ్గర ఉంది, మెషిన్ అందులోకి మారిస్తే చూడ్డానికి మర్యాదగా ఉంటుందని చెప్పి చూశాను. అంకుల్ ఒప్పుకోలేదు. "గా మెషిన్ నీకు ముద్దు బిడ్డా, నాకు ఇంజన్ ముద్దు" అన్నారు. అలాగే ఉంచాను. కేసు తర్వాత మార్చిందని ఒక చీటీ రాసి మూతలో పెట్టాను, రేపు ఎవరైనా అమ్మినా కొన్నా అబద్ధం ఆడక్కర్లేకుండా.

అక్టోబర్లో ఆయన వెళ్లిపోయారు. మొన్న వాట్సాప్‌లో నోట్‌బుక్ పేజీ ఫొటో పంపారు: నిలువు గీతలు కొట్టి, తేదీ, 16:00, తేడా, సంతకం, అచ్చం డ్యూటీ రిపోర్టులాగే. మూడో వారం నుంచి ప్లస్ కాస్తా 41కి పోయింది. ఫోన్ చేసి రాత్రి ఎక్కడ పెడుతున్నారని అడిగితే, "మనవడు ఆడుకుంటడని బీరువాల పండవెట్టిన" అన్నారు. పడుకోబెడితే ఇది ముందుకే పోతుంది, నిలబెట్టి తగిలించండి అని చెప్పాను. బీరువా లోపలి తలుపుకి మేకు కొట్టించారట, నిన్నటి నుంచి కొత్త పేజీ మొదలుపెట్టారు.